పోస్టు లేదు.. ప్రొఫెసర్ కాదు.. చేతిలో కరెంటు పెట్టె ఒక్కటే! పిల్లల కండరాల జబ్బుకు పేరైన డాక్టర్ డుషెన్ కథ ఇదీ

డీఎండీ.. ఈ మూడు అక్షరాలు వినగానే కొన్ని ఇళ్లలో గుండె ఆగినంత పనవుతుంది. నిన్నటిదాకా ఆడుకున్న పిల్లాడు మెట్లెక్కలేకపోవడం, నడుస్తూ నడుస్తూ పడిపోవడం, పన్నెండేళ్లు వచ్చేసరికి వీల్‌చైర్‌కు పరిమితమైపోవడం.. ఇదీ ఆ జబ్బు తీరు. పూర్తి పేరు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ. ఇందులో మస్క్యులర్ అంటే కండరాలకు సంబంధించినది. డిస్ట్రోఫీ అంటే క్షీణించిపోవడం. మరి డుషెన్ అంటే?

అదొక మనిషి పేరు. 150 ఏళ్ల క్రితం చనిపోయిన ఫ్రెంచ్ డాక్టర్ ఆయన. పెద్ద ఆస్పత్రిలో పోస్టు లేదు, యూనివర్సిటీలో కుర్చీ లేదు. సొంతూళ్లో భార్య చావుకు ఆయనే కారణమన్న పుకారు వెంటాడింది. కన్నకొడుకు ఏళ్ల తరబడి దూరమయ్యాడు. అయినా కండరం ఎలా పనిచేస్తుంది, ఎందుకు పనిచేయడం మానేస్తుంది అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని జీవితాంతం తిరిగారు. ఆయన రాసిన పుస్తకాలు, వ్యాసాలే నేటి న్యూరాలజీకి పునాది రాళ్లలో కొన్ని. ఇంతకీ ఎవరీ డుషెన్? ఆయన కనిపెట్టింది ఏంటి? ఎక్కడ పొరబడ్డారు? మన తెలుగువాళ్లకు ఈ కథతో ఉన్న లింకేంటి?

ఓడల ఊళ్లో పుట్టిన డాక్టర్

పూర్తి పేరు గియోమ్ బెంజమిన్ అమాండ్ డుషెన్. 1806 సెప్టెంబర్‌లో ఉత్తర ఫ్రాన్స్‌లోని బులోన్ సుర్ మేర్ అనే రేవు పట్టణంలో పుట్టారు. ఇంట్లో తరతరాలుగా సముద్రం మీద బతికినవాళ్లే. తండ్రి నెపోలియన్ కాలంలో ఓడ నడిపిన కెప్టెన్. కొడుకూ అదే దారిలో నడవాలన్నది ఆయన కోరిక. కానీ కుర్రాడి మనసు సైన్స్ మీద పడింది. చదువుకోసం పారిస్ వెళ్లి మెడిసిన్‌లో చేరారు. స్టెతస్కోప్ కనిపెట్టిన లెనెక్ లాంటి మహామహులు అప్పట్లో పారిస్‌లో పాఠాలు చెబుతున్నారు. అలాంటి వాతావరణంలో చదివి 1831లో పట్టా పుచ్చుకున్నారు. కాలిన గాయాల మీద థీసిస్ రాశారు.

పట్టా రాగానే పారిస్‌లో పెద్ద కెరీర్ కోసం ప్రయత్నించలేదు. సొంతూరికే తిరిగొచ్చి ప్రాక్టీస్ పెట్టారు. అదే ఏడాది పెళ్లి చేసుకున్నారు. అంతా బాగానే ఉందనుకునేలోపే జీవితం తలకిందులైంది.

బాలింత జ్వరం.. ఆపై నిందలు

పెళ్లయిన రెండేళ్లకు భార్య ఒక మగబిడ్డను కని, బాలింత జ్వరంతో చనిపోయింది. జబ్బులకు సూక్ష్మజీవులు కారణమన్న సంగతి అప్పటికి తేలలేదు. కాన్పు చేసే చేతులు శుభ్రంగా లేకపోతే తల్లి ప్రాణం పోతుందన్న విషయం వియన్నాలో సెమ్మెల్‌వైస్ తేల్చింది మరో 14 ఏళ్లకు. అంటే 1833 నాటికి ఏ డాక్టర్‌కీ దానికి కారణం తెలియదు, మందు అంతకన్నా లేదు.

కానీ ఊరు ఊరుకుంటుందా? కాన్పు సమయంలో పక్కన ఉన్నది డుషెన్ ఒక్కరేనని, తప్పు ఆయనదేనని అత్తగారి తరఫు నుంచి మాట బయటికొచ్చిందని జీవిత చరిత్రకారులు రాశారు. చిన్న ఊరు. అక్కడ ఒక డాక్టర్ మీద అలాంటి మాట పుట్టిందంటే ఇక ప్రాక్టీస్ సంగతి చెప్పక్కర్లేదు. పసివాడిని అమ్మమ్మ వాళ్లే తీసుకెళ్లి పెంచారు. తండ్రీకొడుకుల మధ్య దాదాపు 30 ఏళ్ల పాటు సరైన సంబంధమే లేదు. తర్వాత డుషెన్ రెండో పెళ్లి చేసుకున్నా అదీ నిలవలేదు.

ఒంటరితనం, దిగులు. ఆ రోజుల్లోనే ఆయన దృష్టి కరెంటు మీద పడింది.

కరెంటుతో కండరాన్ని పలకరించారు

అప్పట్లో ఎలక్ట్రోపంక్చర్ అని ఒక వైద్యం ఉండేది. నొప్పి ఉన్నచోట చర్మంలోకి సూదులు గుచ్చి, వాటిలోంచి కరెంటు పంపేవారు. డుషెన్ కూడా బులోన్‌లో తన పేషెంట్ల మీద అదే చేసి చూశారు. నొప్పి సంగతి ఎలా ఉన్నా మరొకటి గమనించారు. సూది గుచ్చినచోట కండరం దానంతటదే బిగుసుకుంటోంది.

ఇక్కడే ఆయన బుర్రకు పనిపడింది. ఒక్కో కండరాన్ని విడివిడిగా కదిలించగలిగితే, ఏ కండరం ఏ పని చేస్తుందో బతికున్న మనిషిలోనే చూడొచ్చు కదా! అప్పటివరకు కండరాల గురించి తెలిసిందంతా శవాలను కోసి చూసి నేర్చుకున్నదే. చచ్చిన కండరం ఆకారం చూపిస్తుంది కానీ పని చూపించదు.

అయితే సూదులతో నొప్పి, పుండ్లు తప్పవు. దీనికి డుషెన్ ఓ ఉపాయం కనిపెట్టారు. సూదుల బదులు తడిపిన ఎలక్ట్రోడ్లు చర్మం మీద గట్టిగా అదిమి పెడితే, చర్మం దెబ్బతినకుండా కరెంటు కింద ఉన్న కండరానికి చేరుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ఇండక్షన్ సూత్రంతో నడిచే, వెంట తీసుకెళ్లగలిగే యంత్రం ఒకటి తయారు చేయించుకున్నారు. ఈ పద్ధతికి ఫారడే పేరు మీదే ఫారడైజేషన్ అని పేరు పెట్టారు. ఇప్పుడు న్యూరాలజీ విభాగాల్లో నరాలు, కండరాలకు చేసే కరెంటు పరీక్షల వంశవృక్షం తీస్తే, పై కొమ్మల్లో ఈ పెట్టె కనిపిస్తుంది.

పారిస్‌లో పోస్టు లేని డాక్టర్

1842లో డుషెన్ మళ్లీ పారిస్ చేరారు. పెద్ద పరీక్షలు రాసి ఆస్పత్రి పోస్టు సంపాదించే దారిలో ఆయన వెళ్లలేదు. మాట తీరు కూడా పల్లెటూరి మనిషిలా మొరటుగా ఉండేదట. బతకడానికి ప్రైవేట్ ప్రాక్టీస్, మిగతా టైమంతా ఆస్పత్రుల చుట్టూ తిరగడం.. ఇదీ దినచర్య.

చేతిలో ఆ కరెంటు పెట్టె పట్టుకుని సాల్‌పెట్రియేర్ లాంటి పెద్దాస్పత్రుల వార్డుల్లో మంచం మంచానికీ తిరిగేవారు. చేయి పడిపోయినవాళ్లు, కాలు సన్నబడినవాళ్లు, నడక తూలేవాళ్లు ఎవరు కనిపించినా వదిలేవారు కాదు. అసలు ఆస్పత్రి డాక్టర్లు చూడని చిన్న చిన్న తేడాలు రాసుకునేవారు. ఒక పేషెంట్‌ను వేరే ఆస్పత్రికి మారిస్తే ఈయనా అక్కడికి వెళ్లేవారు. జబ్బు ఎలా మొదలైంది, ఎలా ముదిరింది, చివరికి ఏమైంది.. ఏళ్ల తరబడి ఒకే మనిషిని గమనించేవారు. కుర్ర డాక్టర్లు వెనకాల నవ్వుకునేవారు. ఆయన పట్టించుకోలేదు.

పారిస్‌లో అప్పటికే దాదాపు ఇదే పేరుతో డుషేన్ అనే మరో డాక్టర్ ఉండేవారు. ఆయనకు పెద్దింటి ప్రాక్టీస్. ఇద్దరి పేర్లూ కలిసిపోకుండా ఈయన తన పేరు పక్కన ఊరి పేరు తగిలించుకున్నారు. అలా డుషెన్ ద బులోన్ అయ్యారు. నిందలు వేసి పంపిన ఊరే చివరికి ఆయన పేరులో భాగమైంది.

ఒక్కో జబ్బూ ఒక్కో పేపర్

ఈ తిరుగుడంతా ఊరికే పోలేదు. 1849 నుంచి వరుసగా ఆయన వ్యాసాలు బయటికొచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి చూద్దాం.

చేతి కండరాలు క్రమంగా కరిగిపోయే ఒక జబ్బును అరాన్ అనే డాక్టర్, ఈయన దాదాపు ఒకే సమయంలో వర్ణించారు. నేటికీ దానికి అరాన్ డుషెన్ అనే పేరుంది.

1855లో తన పద్ధతి అంతా కలిపి లోకల్ ఎలక్ట్రైజేషన్ మీద పెద్ద పుస్తకం వేశారు. ఏ కండరాన్ని ఎక్కడ తాకితే కదులుతుందో, కరెంటుకు స్పందించని కండరం గురించి ఏం అర్థం చేసుకోవాలో అందులో వివరించారు.

1858, 59 ప్రాంతంలో నడక తూలే జబ్బు గురించి రాశారు. ఆ పేషెంట్లను మంచం మీద పడుకోబెట్టి చూస్తే కాళ్లలో బలం బాగానే ఉంది. నిలబెడితే మాత్రం తూలుతున్నారు. అంటే ఇది పక్షవాతం కాదు, బలం ఉన్నా కదలికల మధ్య పొందిక పోయిందని ఆయన తేల్చారు. 1860లో నాలుక, పెదవులు, గొంతు పడిపోయే మరో జబ్బును వర్ణించారు. పిల్లలకు వచ్చే పోలియోలో దెబ్బ తగిలేది వెన్నుపాములోని కదలిక కణాలకేనని ఊహించినవారిలోనూ ఆయన ఉన్నారు. కష్టమైన కాన్పులో బిడ్డ భుజం దగ్గర నరాలు లాగినట్లై చేయి పడిపోవడం గురించి కూడా రాశారు. దాన్నే ఇప్పుడు ఎర్బ్ డుషెన్ పాల్సీ అంటున్నారు.

నవ్వు వెనక గుట్టు

డుషెన్ పేరు డాక్టర్లకే కాదు, సైకాలజీ చదివినవాళ్లకూ తెలుసు. కారణం.. నవ్వు!

మొహంలో ఏ భావానికి ఏ కండరం కదులుతుందో తేల్చాలని ఆయన పంతం పట్టారు. దానికి ఒక ముసలాయన దొరికారు. ఒక జబ్బు వల్ల ఆయన మొహంలో స్పర్శ పోయింది. కరెంటు పెట్టినా నొప్పి తెలియదు. ఆ మొహం మీద ఒక్కో కండరాన్నీ విడిగా బిగించి, భయం, కోపం, ఆశ్చర్యం, నవ్వు లాంటి భావాలను పుట్టించి ఫొటోలు తీశారు. ఫొటోగ్రఫీ అప్పటికి ఇంకా పసితనంలోనే ఉంది. పారిస్‌లో పేరున్న ఫొటోగ్రాఫర్ నాడార్ తమ్ముడు అద్రియన్ టూర్నషాన్ మొదట్లో సాయం చేశారు. తర్వాత డుషెన్ తానే కెమెరా నేర్చుకున్నారు.

1862లో ఈ ఫొటోలతో పుస్తకం వచ్చింది. అందులో తేలిన విషయం ఇదీ. పెదవుల మూలలను పైకి లాగే కండరాన్ని ఎవరైనా కావాలని కదిలించొచ్చు. కానీ కంటి చుట్టూ ఉండే కండరం మనసులో సంతోషం ఉంటేనే కలిసొస్తుంది. అందుకే కళ్లు నవ్వని నవ్వు నకిలీగా కనిపిస్తుంది. మనస్ఫూర్తిగా వచ్చే నవ్వును నేటి సైకాలజిస్టులు డుషెన్ స్మైల్ అనే పిలుస్తున్నారు. 1872లో చార్లెస్ డార్విన్ మనుషులు, జంతువుల భావ వ్యక్తీకరణపై రాసిన పుస్తకంలో ఈ ఫొటోలను వాడుకున్నారు.

పిక్కలు బలంగా ఉన్న బలహీనమైన పిల్లాడు

ఇక అసలు విషయానికొద్దాం. డుషెన్ దగ్గరికి ఒక చిన్న పిల్లాడు వచ్చాడు. నడక ఆలస్యం. నిలబడితే నడుము ముందుకు వంగి, పొట్ట బయటికొస్తుంది. నడిస్తే బాతులా అటూ ఇటూ ఊగుతాడు. కానీ పిక్కలు చూస్తే పహిల్వాన్‌లా ఉబ్బి ఉన్నాయి! చూడటానికి బలమైన కండ. పనికొచ్చేసరికి బలం సున్నా. ఇదేం వింత?

1861లో తన పుస్తకం రెండో ఎడిషన్‌లో ఆయన ఈ కేసు గురించి రాశారు. పిల్లాడి బుద్ధి కూడా కాస్త మందంగా ఉండటంతో జబ్బు మెదడులో ఉందని భావించారు. పేరు కూడా ఆ అర్థం వచ్చేలాగే పెట్టారు. ఆ మరుసటి ఏడాది ఆ పిల్లాడి ఫొటోలు తన ఆల్బమ్‌లో అచ్చేశారు.

కానీ అది తప్పు. ఆ తప్పును మరొకరు పట్టుకోలేదు. ఆయనే పట్టుకున్నారు.

ఆ తర్వాతి ఏళ్లలో అలాంటి పిల్లలు ఇంకొందరు కనిపించారు. వాళ్లలో కొందరికి బుద్ధి చక్కగానే ఉంది. మరి మెదడు జబ్బు ఎలా అవుతుంది? కండరంలోనే ఏదో జరుగుతోందన్న అనుమానం వచ్చింది. చూడాలంటే కండరం ముక్క కావాలి. పిల్లాడు బతికే ఉన్నాడు. కత్తితో కోసి తీయాలంటే ఏ తల్లిదండ్రులు ఒప్పుకుంటారు? మత్తుమందులూ, ఇన్‌ఫెక్షన్ భయాలూ వేరే.

దీనికోసం ఆయన ప్రత్యేకంగా ఒక సూది తయారు చేయించారు. చర్మంలోంచి లోపలికి దింపి, చిన్న కండరం ముక్కను పట్టుకుని బయటికి తెచ్చే పరికరం అది. బతికున్న మనిషి నుంచి కండరం బయాప్సీ తీసి, మైక్రోస్కోప్ కింద చూసిన తొలి డాక్టర్లలో డుషెన్ ఒకరు. అదే పిల్లాడి నుంచి వేర్వేరు సమయాల్లో ముక్కలు తీసి, జబ్బు ముదిరే కొద్దీ లోపల ఏం మారుతోందో పోల్చి చూసే వీలు దొరికింది.

మైక్రోస్కోప్ కింద చిక్కుముడి విడిపోయింది. ఉబ్బిన ఆ పిక్కలో పెరిగింది కండ కాదు! కండరం పోగుల మధ్య పీచు లాంటి కణజాలం, కొవ్వు చేరి లావెక్కింది. అసలు కండ తరిగిపోతోంది. బయటికి బలం, లోపల గుల్ల.

1868.. 13 కేసులు.. ఒక పేపర్

1868లో ఫ్రెంచ్ వైద్య పత్రికలో డుషెన్ సుదీర్ఘ వ్యాసం రాశారు. మొత్తం 13 కేసులు. జబ్బుకు లక్షణాలు వరుసగా చెప్పారు. బలహీనత మొదట కాళ్లలో మొదలవుతుంది. నడుము వంపు, కాళ్లు ఎడంగా వేసి ఊగుతూ నడవడం కనిపిస్తుంది. బలహీనపడిన కండరాల్లో కొన్ని లావెక్కుతాయి. కొన్నాళ్లు నిలకడగా ఉన్నట్లు కనిపించినా, తర్వాత చేతులకూ పాకుతుంది. ముదరడమే తప్ప వెనక్కి తగ్గదు. ఎక్కువగా మగపిల్లల్లోనే వస్తుంది. జబ్బు పుట్టేది కండరంలోనే అన్న దిశగా ఆయన ఆలోచన మారింది. పేరులోంచి మెదడు తప్పుకుంది.

ఇక్కడ ఓ కొసమెరుపు. ఆ మొదటి పిల్లాడిలో బుద్ధిమాంద్యం గమనించడం పూర్తిగా దారి తప్పడమేమీ కాదు. ఈ జబ్బులో లోపించే ప్రోటీన్ మెదడులో కూడా ఉంటుంది. అందుకే కొంతమంది పిల్లలకు చదువులో, మాటల్లో ఇబ్బందులు ఉంటాయని ఇప్పుడు తెలుసు. డుషెన్ చూసింది నిజమే. దాని నుంచి ఆయన మొదట తీసిన అర్థమే తప్పు.

పేరు ఎవరికి దక్కాలి?

నిజం చెప్పాలంటే ఈ జబ్బును మొదట వర్ణించింది డుషెన్ కాదు. 1836లోనే ఇటలీలోని నేపుల్స్ డాక్టర్లు ఇలాంటి లక్షణాలున్న ఇద్దరు అన్నదమ్ముల గురించి రాశారు. 1850ల మొదట్లో లండన్ డాక్టర్ ఎడ్వర్డ్ మెరియన్ ఇంకా ముందుకెళ్లారు. ఒకే కుటుంబంలోని అన్నదమ్ములకు ఇది రావడం, తల్లుల వైపు నుంచి సంక్రమిస్తున్నట్లు కనిపించడం ఆయన గమనించారు. చనిపోయిన పిల్లాడి కండరం చూసి, వెన్నుపాము బాగానే ఉందని, కండరం పోగు పైపొరే చిరిగిపోతోందని రాశారు. 130 ఏళ్ల తర్వాత సైన్స్ తేల్చింది అచ్చంగా అదే!

మరి పేరు ఎందుకు డుషెన్‌కు వెళ్లింది? మెరియన్ చూపిన కేసులు తాను చెబుతున్న జబ్బే అని డుషెన్ ఒప్పుకోలేదు. అవి వేరే క్షీణత జబ్బు అన్నారు. పైగా డుషెన్ దగ్గర ఫొటోలు ఉన్నాయి, బతికున్న పేషెంట్ల బయాప్సీలు ఉన్నాయి, పారిస్‌లో ఆయన మాటకు అప్పటికి బరువు వచ్చింది. సాల్‌పెట్రియేర్‌లో న్యూరాలజీకి పెద్దదిక్కైన షార్కో లాంటి ప్రొఫెసర్ ఆయన్ని తన గురువుగా చెప్పుకునేవారు. మెరియన్ తరఫున అలా నిలబడినవాళ్లు లేరు. మెరియన్‌కు దక్కాల్సిన గుర్తింపు గురించి వైద్య చరిత్రకారులు గట్టిగా మాట్లాడటం మొదలైంది ఆయన చనిపోయి వందేళ్లు దాటాకే.

చివరి రోజులు

తన 50ల్లో ఉండగా డుషెన్ జీవితంలోకి కొడుకు తిరిగొచ్చాడు. అతనూ డాక్టరే అయ్యాడు. తండ్రితో కలిసి పేషెంట్లను చూశాడు. పోయిన ఏళ్లు ఎలాగూ రావు కానీ, ఆ కొద్దికాలం తండ్రికి ఊరట. అదీ నిలవలేదు. 1870ల మొదట్లో తండ్రి కన్నా ముందే కొడుకు చనిపోయాడు.

1875 సెప్టెంబర్‌లో పారిస్‌లో డుషెన్ కన్నుమూశారు. తాను ప్రాణంగా చూసుకున్న ఫొటోలను పారిస్‌లోని లలితకళల కాలేజీకి ఇచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 68. చనిపోయేదాకా ఆయనకు ఆస్పత్రిలో పోస్టు లేదు.

సుబ్బారావు గారి ఫాస్ఫేట్.. సీపీకే టెస్ట్

ఇప్పుడు మనవైపు వద్దాం. పిల్లాడికి డీఎండీ అనుమానం వస్తే డాక్టర్ మొదట రాసేది ఒక రక్తపరీక్ష. సీపీకే లేదా సీకే అంటారు. అంటే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థంతో పనిచేసేది ఇదే. కండరం గబుక్కున కదలాలంటే కావాల్సిన శక్తిని నిల్వ ఉంచేది ఫాస్ఫోక్రియాటిన్.

ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టిందెవరో తెలుసా? 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! అదే సమయంలో బ్రిటన్‌లోనూ దీన్ని విడిగా గుర్తించారు. కానీ అది క్రియాటిన్, ఫాస్ఫేట్ కలిసిన పదార్థమని సరిగ్గా తేల్చింది ఫిస్క్, సుబ్బారావులే. తర్వాత 1959లో జపాన్ శాస్త్రవేత్త ఎబాషి బృందం కండరాల క్షీణత ఉన్నవాళ్ల రక్తంలో ఈ సీకే బాగా పెరిగి ఉంటుందని చూపించింది. కండరం పోగు పైపొర చిరిగితే లోపలి ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది. మామూలుగా వందల్లో ఉండాల్సిన అంకె డీఎండీ పిల్లల్లో వేలల్లో ఉంటుంది, చాలాసార్లు 10 వేలు కూడా దాటుతుంది. డుషెన్ సూదితో వెతికిన ఆనవాలు ఇప్పుడు ఒక్క రక్తపు చుక్కలో దొరుకుతోంది.

ఇక అసలు కారణం దొరికింది 1986, 87లో. బోస్టన్‌లో లూయిస్ కుంకెల్ బృందం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఆ జన్యువును, అది తయారుచేసే ప్రోటీన్‌ను గుర్తించింది. ప్రోటీన్‌కు డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. కండరం బిగిసి వదిలిన ప్రతిసారీ పైపొర చిరగకుండా కాపాడే షాక్ అబ్జార్బర్ లాంటిది అది. అది లేకపోతే మెరియన్ చూసినట్టు పొర చిరుగుతుంది, డుషెన్ చూసినట్టు ఆ జాగాలో కొవ్వు చేరుతుంది. మనిషిలో తెలిసిన అతి పెద్ద జన్యువుల్లో ఇదొకటి. 22 లక్షలకు పైగా అక్షరాలు, 79 ఎక్సాన్లు. ఆ 79 గుర్తుగానే ఏటా 9వ నెల 7వ తేదీన, అంటే సెప్టెంబర్ 7న ప్రపంచ డుషెన్ అవగాహన దినం జరుపుతున్నారు.

తల్లి తప్పు కాదు.. మేనరికం వల్లా కాదు

డీఎండీ సుమారు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. మగపిల్లలకు ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది, అది తల్లి నుంచే వస్తుంది. తల్లి క్యారియర్ అయితే పుట్టే ప్రతి మగపిల్లాడికీ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. ఆడపిల్ల అయితే క్యారియర్ అయ్యే అవకాశం సగం.

ఈ మాట వినగానే కొన్ని ఇళ్లలో మొత్తం నింద కోడలి మీదకు మళ్లుతుంది. ఇది దారుణం. ఏ జన్యువు ఇవ్వాలో ఎవరి చేతుల్లోనూ ఉండదు. పైగా దాదాపు మూడో వంతు కేసుల్లో తల్లిలో ఏ లోపమూ ఉండదు. బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పు వల్లే జబ్బు వస్తుంది. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందన్న మాటా మన దగ్గర వినిపిస్తుంది. కొన్ని ఇతర జన్యు జబ్బులకు, కండరాల జబ్బుల్లోనే మరికొన్ని రకాలకు దగ్గరి సంబంధాలు ముప్పు పెంచుతాయి. కానీ డీఎండీకి మేనరికం కారణం కాదు.

తల్లిదండ్రులు గమనించాల్సినవి ఇవీ..

ఏడాదిన్నర దాటినా నడక రాకపోవడం. తరచూ పడిపోవడం. మునివేళ్ల మీద నడవడం. మెట్లెక్కడానికి, పరుగెత్తడానికి ఇబ్బంది పడటం. పిక్కలు లావుగా ఉండటం. కింద కూర్చున్న పిల్లాడు చేతులు మోకాళ్ల మీద, తొడల మీద ఆనించుకుంటూ తన ఒంటినే నిచ్చెనలా ఎక్కుతూ లేవడం. ఈ చివరిదాన్ని 1879లో బ్రిటిష్ డాక్టర్ గోవర్స్ వివరంగా వర్ణించారు. అందుకే డాక్టర్లు గోవర్స్ సైన్ అంటారు.

మరో సంగతి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగాయని లివర్ జబ్బు అనుకుని తిరిగే పిల్లల్లో కొందరికి అసలు సమస్య కండరాల్లో ఉంటుంది. ఆ ఎంజైమ్‌లు కండరంలోనూ ఉంటాయి. అలాంటప్పుడు ఒక్క సీపీకే టెస్ట్ దారి చూపిస్తుంది. జన్యు పరీక్షతో నిర్ధారణ అవుతుంది. ఇప్పుడు చాలామందికి బయాప్సీ అవసరమే రావట్లేదు.

పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ, గుండె, ఊపిరితిత్తుల మీద ముందు నుంచే నిఘాతో నడక మరికొన్నాళ్లు నిలుస్తుంది, ఆయుష్షు పెరుగుతుంది. ఒకప్పుడు టీనేజ్‌లోనే ముగిసిపోయిన జీవితాలు ఇప్పుడు 20లు దాటి 30ల్లోకీ వెళ్తున్నాయి. 2016లో అమెరికాలో కొందరు పేషెంట్లకు పనికొచ్చే ఎక్సాన్ స్కిప్పింగ్ మందుకు, 2023లో జీన్ థెరపీకి అనుమతి వచ్చింది. ధర కోట్లలో ఉంది. జీన్ థెరపీ తీసుకున్న కొందరిలో లివర్ దెబ్బతినడంతో భద్రతపై ప్రశ్నలూ వచ్చాయి.

మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రోఫీ ఒకటి. అంటే సర్టిఫికెట్‌కు, దానితో వచ్చే సదుపాయాలకు ఈ పిల్లలు అర్హులు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలోనూ డీఎండీ ఉంది. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కూడా ఉన్నాయి. ఇంట్లో ఒక పిల్లాడికి జబ్బు తేలితే, తల్లి, అక్కచెల్లెళ్లు, పిన్నులు జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోవడం మంచిది. మళ్లీ గర్భం దాల్చేముందు ఏం చేయొచ్చో అక్కడ చెబుతారు.

1868 నాటి వ్యాసంలో డుషెన్ దగ్గర ఆ 13 మంది పిల్లలకు ఇవ్వడానికి గట్టి మందేమీ లేదు. జబ్బు ముదరడమే తప్ప తగ్గదని ఆయనే రాసుకున్నారు. అయినా వాళ్లను చూడటం మానలేదు. ఇప్పుడు క్లినిక్‌లో ఒక డాక్టర్ పిల్లాడి పిక్కలను చేత్తో తాకి చూసి, కింద కూర్చుని లేవమని చెప్పి, సీపీకే రాసిస్తున్నారంటే, ఆ కరెంటు పెట్టె మోసుకుంటూ మంచం మంచానికీ తిరిగిన మనిషి మొదలుపెట్టిన పనే ఇంకా నడుస్తోందన్నమాట.